రెండు వైపులా బ్యాటు పట్టాలా?

ఈసారి మన ఇంటి పాత ఫోటోలు, పెళ్ళిపత్రికలు పక్కన పెట్టి ఒక ఆట సంగతి రాస్తున్నాను. ఆట అమెరికాది. ప్రశ్న మాత్రం మన ఇంట్లోదే.

మా అక్కావాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. వాళ్ళబ్బాయికి పదేళ్ళు, బేస్‌బాల్ ఆడతాడు. రాయడం, తినడం, విసరడం అన్నీ కుడిచేత్తోనే. అక్కడ బ్యాటింగ్ నేర్పే ఒకాయన వాడిని చూసి, "ఎడమవైపు నుంచి కొట్టడం కూడా ఇప్పుడే మొదలుపెడితే ముందుముందు పనికొస్తుంది" అన్నాడట. దీన్ని వాళ్ళు స్విచ్ హిట్టింగ్ అంటారు. బావకి ఆ మాట బాగా నచ్చింది. అక్కకి అంతగా నచ్చలేదు. ఎందుకంటే ఆ క్లాసు శనివారం పొద్దున. సరిగ్గా తెలుగు బడి వేళకి.

జులైలో వాళ్ళు రాజపాళయం వచ్చినప్పుడు ఈ చర్చ కూడా సామానుతో పాటే దిగింది. "నువ్వు టెస్టర్‌వి కదా, ఏదైనా తప్పు పట్టడమే నీ ఉద్యోగం, నువ్వు చెప్పు" అంది అక్క. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, నిజమే. నాన్న దావణగెరెలో మిల్లు పని చేసిన రోజుల్లో నా చదువంతా కన్నడ మీడియంలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో, కన్నడ అక్షరాల పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. అందుకే నా తెలుగులో అక్కడక్కడా కన్నడ వాసన ఉంటుంది. బేస్‌బాల్ అయితే ఈ ప్రశ్న కోసమే కూర్చుని చదివాను. చదివింది, చూసింది, చివరికి మేము అనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పిల్లలు మన చుట్టాల ఇళ్ళలో ఇంకా ఉన్నారు కదా.

ముందు ఈ స్విచ్ హిట్టింగ్ అంటే ఏమిటో చెప్పాలి. క్రికెట్‌లో స్విచ్ హిట్ మన పిల్లలందరికీ తెలుసు. 2008 జూన్‌లో ఇంగ్లండ్‌లోని చెస్టర్-లీ-స్ట్రీట్‌లో కెవిన్ పీటర్సన్, న్యూజిలాండ్ బౌలర్ స్కాట్ స్టైరిస్ బంతి వేయబోతుండగా చటుక్కున ఎడమచేతి బ్యాటర్‌లా మారిపోయి రెండు సిక్సర్లు కొట్టాడు. ఇది న్యాయమేనా అని పెద్ద గొడవ అయింది. కొద్ది రోజుల్లోనే ఎం.సి.సి. తప్పేమీ లేదని తేల్చింది. బేస్‌బాల్‌లో స్విచ్ హిట్టింగ్ ఇలాంటి గారడీ కాదు. బంతి రాకముందే బ్యాటర్ ఏ వైపు నిలబడాలో ఎంచుకుంటాడు. కుడిచేత్తో విసిరే పిచర్ వస్తే ఎడమవైపు, ఎడమచేత్తో విసిరేవాడు వస్తే కుడివైపు.

ఎందుకంటారా? కుడిచేతి పిచర్ వేసే వంపు బంతి కుడిచేతి బ్యాటర్‌కి మొదట ఒంటి మీదకి వస్తున్నట్టు కనిపించి, చివర్లో దూరంగా జారిపోతుంది. క్రికెట్‌లో లెగ్ స్పిన్ పోయినట్టు. అదే బంతి ఎడమవైపు నిలబడినవాడికి లోపలికి వస్తుంది, చూడటానికీ కొట్టడానికీ సులువు. పైగా ఎడమవైపు నిలబడితే మొదటి బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గర. కొట్టిన ఊపు కూడా అటే లాక్కెళ్తుంది. లోకంలో కుడిచేతి పిచర్లే ఎక్కువ కాబట్టి, ఎడమవైపు నుంచి కొట్టగలిగినవాడికి రోజూ లాభమే.

మన పురాణంలో దీనికి పేరు ఎప్పుడో ఉంది. అర్జునుడు సవ్యసాచి. రెండు చేతులా బాణం వేయగలడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. సంస్కృతంలో 'సవ్య' అంటే ఎడమ. మనం తెలుగులో 'సవ్యంగా' అంటే సరిగ్గా అనుకుంటాం. బావ ఈ మాట విని, "చూశావా, ఎడమే సరైనదని మన పెద్దలే చెప్పారు" అన్నాడు. అది వాదన కాదుగానీ, అందరం నవ్వుకున్నాం.

బావ దగ్గర వేరే గట్టి వాదనలే ఉన్నాయి. 2025 సీజన్‌లో సియాటిల్ జట్టు క్యాచర్ కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. స్విచ్ హిట్టర్. అంతకుముందు ఒక సీజన్‌లో స్విచ్ హిట్టర్ కొట్టిన అత్యధికం 1961లో మికీ మాంటిల్ కొట్టిన 54. మేజర్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హిట్లు, 4,256, కొట్టిన పీట్ రోజ్ కూడా స్విచ్ హిట్టరే. మాంటిల్ మొత్తం హోమ్ రన్లు 536. అందులో ఎడమవైపు నుంచి 372, కుడివైపు నుంచి 164. ఆయన పుట్టుకతో కుడిచేతి వాటం మనిషి అని గుర్తుపెట్టుకోండి. తరువాత నేర్చుకున్న వైపే ఎక్కువ పని చేసింది.

మాంటిల్ ఎలా నేర్చుకున్నాడన్నది మా ఇంట్లో అందరికీ నచ్చిన కథ. ఓక్లహామాలో కామర్స్ అనే చిన్న ఊరు. తండ్రి గనిలో పనిచేసేవాడు. ఆయన కుడిచేత్తో బంతి వేస్తే పిల్లవాడు ఎడమవైపు నిలబడేవాడు. తాత ఎడమచేత్తో వేస్తే కుడివైపు. ఇంటి దగ్గరే, ఇంట్లో మనుషులతోనే.

ఇంతవరకు విని నాకూ సరే అనిపించింది. కానీ గెలిచినవాళ్ళ పేర్లు మాత్రమే చూసి నిర్ణయించడం మా ఉద్యోగంలో కుదరదు. పాస్ అయిన కేసులే చూపిస్తే, ఫెయిలైనవి ఎక్కడున్నాయని అడగడమే మా పని.

నా మొదటి సందేహం లెక్క గురించి. ఒక యాప్ ఆండ్రాయిడ్ మీద నడుస్తోంది, ఇప్పుడు ఐఫోన్ మీద కూడా నడవాలంటారు. బయటివాళ్ళకి అది ఒకే యాప్. మాకు మాత్రం పని రెట్టింపు. ఏ చిన్న మార్పు చేసినా రెండు చోట్లా మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. స్విచ్ హిట్టర్‌కీ అంతే. రెండు నిలబడే తీరులు, రెండు ఊపులు, రెండింటికీ సాధన. పిల్లవాడి సాయంత్రం మాత్రం రెట్టింపు కాదు. వంద బంతులు కొట్టేవాడు ఇకమీద యాభై, యాభై కొడతాడు.

రెండో సందేహం ఇంకా పెద్దది. పిచర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్ళే కాబట్టి, మ్యాచ్‌లో వాడు దాదాపు ఎప్పుడూ ఎడమవైపే నిలబడాలి. అంటే పుట్టుకతో వచ్చిన బలమైన వైపు ఖాళీగా కూర్చుంటుంది, కొత్తగా నేర్చిన బలహీనమైన వైపు మ్యాచ్ అంతా ఆడుతుంది. చివరికి ఎడమచేతి పిచర్ ఒకడు ఎదురయ్యే వేళకి కుడివైపు కూడా తుప్పు పట్టి ఉండొచ్చు. మాంటిల్ లెక్కలో 372, 164 అన్న తేడా వెనక ఇదే ఉంది. ఆయన తట్టుకున్నాడు. అందరూ తట్టుకోలేరు.

మూడోది, పదేళ్ళ వయసులో ఆ లాభం నిజంగా ఎంత? లిటిల్ లీగ్‌లో పిచర్ 46 అడుగుల దూరం నుంచి వేస్తాడు, పెద్దవాళ్ళకి అది 60 అడుగుల 6 అంగుళాలు. చిన్నపిల్లలు ఎక్కువగా తిన్నగానే వేస్తారు. మోచేతికి మంచిది కాదని వంపు బంతులు ఆ వయసులో వద్దనే కోచ్‌లు చాలామంది. వంపు బంతి కోసమే కదా వైపు మారడం. ఆ బంతే రాని వయసులో వైపు మారితే లాభం వాయిదా, నష్టం వెంటనే. అలాగని పదిహేనో ఏట మొదలుపెట్టడం కష్టం. ఒళ్ళు అప్పటికి ఒకే తీరుకి అలవాటైపోతుంది. కోచ్ "ఇప్పుడే" అన్నదానిలో కూడా నిజం లేకపోలేదు.

ఫెయిలైన కేసు కోసం వెతికితే సెడ్రిక్ మలిన్స్ దొరికాడు. అప్పట్లో బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు. పుట్టుకతో ఎడమచేతి వాటం. కుడివైపు కూడా నేర్చుకుని స్విచ్ హిట్టర్‌గానే మేజర్ లీగ్‌కి వచ్చాడు, కుడివైపు నుంచి సరిగ్గా ఆడలేకపోయాడు. 2021 సీజన్‌కి ముందు కుడివైపు పూర్తిగా మానేశాడు. ఆ ఏడాదే 30 హోమ్ రన్లు, 30 స్టీల్స్, ఆల్ స్టార్ జట్టులో చోటు. ఒక వైపు వదిలేయడం ఓటమి కాదని అతన్ని చూస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఎడమచేతి వాటం పిల్లవాడు ముందే లాభం ఉన్న వైపు నిలబడ్డాడు. వాడికి కుడివైపు నేర్పడంలో పెద్దగా అర్థం లేదు.

ఇక్కడే నాన్న మాటల్లోకి దిగారు. అప్పటిదాకా పేపర్ చదువుతూ వింటున్నారు. నాన్నది పుట్టుకతో పుర్రచెయ్యి. మనింట్లో ఆ మాట. వీధిలో తమిళంలో పీచాంగై అంటారు. నాతో చదివినవాళ్ళు కన్నడలో ఎడచ అనేవాళ్ళు. మూడు భాషల్లోనూ ఆ మాటని కొంచెం ఎగతాళిగానే అంటారు. నాన్న చిన్నప్పుడు బడిలో ఎడమచేత్తో బలపం పట్టుకుంటే వేళ్ళ మీద స్కేలు పడేదట. ఇంట్లో అన్నం దగ్గర నానమ్మ ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోమనేదట. నాన్న ఇప్పుడు కుడిచేత్తో తింటారు, కుడిచేత్తో రాస్తారు. మిల్లులో మాత్రం స్పానర్ ఎడమచేతిలోనే ఉండేది. సుత్తి, స్క్రూడ్రైవర్, కొబ్బరికాయ కొట్టడం అన్నీ ఇప్పటికీ ఎడమచేత్తోనే. "రాత మార్చారు గానీ చెయ్యి మార్చలేకపోయారు" అన్నారు నవ్వుతూ. తరువాత కొంచెం ఆగి, "నా దస్తూరీ మాత్రం ఎప్పటికీ బాగుపడలేదు" అన్నారు. అది నవ్వుతూ అనలేదు.

ఆ మాటతో నాకు ప్రశ్న స్పష్టమైంది. మనం ఒకే పేరుతో రెండు వేరే పనుల గురించి మాట్లాడుతున్నాం. ఉన్న చేతికి ఇంకో చెయ్యి చేర్చడం ఒకటి. ఉన్న చేతిని తీసి ఇంకోటి పెట్టడం ఇంకొకటి. నాన్నకి జరిగింది రెండోది. మాంటిల్‌కి జరిగింది మొదటిది. బయటినుంచి చూస్తే రెండూ సాధనలాగే కనిపిస్తాయి.

మనవాళ్ళందరికీ తెలిసిన డేవిడ్ వార్నర్‌నే తీసుకోండి. 2016లో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన కెప్టెన్, బుట్టబొమ్మ పాటకి స్టెప్పులేసి తెలుగు ఇళ్ళన్నిటికీ చుట్టమైపోయినవాడు. అతను ఎడమచేతి బ్యాటర్. పదమూడేళ్ళప్పుడు బంతిని ఊరికే గాల్లోకి లేపుతున్నాడని కోచ్ కుడివైపుకి మార్చాడు. ఒక సీజన్ తరువాత తల్లి, నీ పాత వైపే ఆడుకో అంది. తిరిగొచ్చాక అండర్-16లో తన క్లబ్బులో పరుగుల రికార్డు కొట్టాడు. ఆ కుడివైపు మాత్రం అతనిలో ఎక్కడో మిగిలే ఉంది. 2019 జనవరిలో బంగ్లాదేశ్ లీగ్‌లో క్రిస్ గేల్ బౌలింగ్‌కి కుడివైపు తిరిగి ఒక సిక్సు, రెండు ఫోర్లు కొట్టాడు. 2023 సెప్టెంబరులో ఇండోర్‌లో మన అశ్విన్ వస్తే మళ్ళీ కుడివైపు తిరిగాడు. ఫోర్ కొట్టాడు, ఆ వైపు ఉండగానే అశ్విన్‌కే ఎల్బీడబ్ల్యూ కూడా అయ్యాడు. అతనికి అది సరదా ఆయుధం, అసలు ఆయుధం ఎడమవైపే.

మూడో దారి కూడా ఉంది. కుడిచేతి వాటం మనిషే అయినా బ్యాటు మాత్రం మొదటి నుంచీ ఎడమవైపే పట్టడం. జపాన్ నుంచి వచ్చి మేజర్ లీగ్‌లో 3,089 హిట్లు కొట్టిన ఇచిరో అలాంటివాడే. కుడిచేత్తో విసురుతాడు, ఎడమవైపు నుంచి కొడతాడు. మన గంగూలీ కుడిచేతి వాటమే, అన్నయ్య ఎడమచేతి బ్యాటర్ కాబట్టి ఆయన సామాను వాడుకోవడానికి ఎడమవైపు ఆడాడని అంటారు. మన హైదరాబాద్ తిలక్ వర్మ ఎడమచేత్తో బ్యాటింగ్, కుడిచేత్తో బౌలింగ్. సచిన్ రాసేది ఎడమచేత్తో, ఆడేది కుడిచేత్తో. చేతుల సంగతి మనం గీసిన గీతలంత తిన్నగా ఉండదు. ఈ దారిలో సాధన రెండుగా చీలదు. కానీ ఇది మొదట బ్యాటు పట్టినప్పుడే కుదరాలి. నాలుగేళ్ళుగా కుడివైపు ఆడుతున్నవాడికి ఇదీ తీసి పెట్టడమే అవుతుంది.

ఇంత మాట్లాడుకున్నాక, అసలు మనిషిని ఎవరూ అడగలేదని అక్కకి గుర్తొచ్చింది.

వాడు మేడమీద ఉన్నాడు. నాన్న పాత టెన్నిస్ బంతి ఒకటి తీసుకుని, "రా, తాత వేస్తాను" అని వీధిలోకి పిలిచారు. డెబ్బై దాటిన మనిషి, ఎడమచేత్తో, కింద చెయ్యి పెట్టి మెల్లగా వేశారు. వాడు తెచ్చుకున్న అల్యూమినియం బ్యాటు చప్పుడుకి పక్కింటి తెల్ల రాజపాళయం కుక్క లేచి అరవడం మొదలుపెట్టింది. ముందు కుడివైపు నిలబడి కొట్టాడు. "తాతా, నువ్వు లెఫ్టీవా!" అని ఆశ్చర్యపోయాడు. వాడి జట్టుకి ఎడమచేతి పిచర్లు ఎక్కడో ఒకరు ఎదురవుతారట, సాధనకి దొరకనే దొరకరట. తరువాత నన్ను వేయమని ఎడమవైపు తిరిగాడు. పది బంతుల్లో ఏడు తగల్లేదు. తగిలిన మూడింటికీ గెంతాడు.

ఆ వారమంతా సాయంత్రాలు ఇదే ఆట. మధ్యలో ఒకరోజు నేను అడిగాను, నీకు ఎడమవైపు నేర్చుకోవాలని ఉందా అని. వాడు చాలా సూటిగా చెప్పాడు. "ఇక్కడ ఇష్టం పిన్నీ. మ్యాచ్‌లో వద్దు. అక్కడ మిస్సైతే అందరూ చూస్తారు." తెలుగు బడి మానేస్తే బాధగా ఉంటుందా అని కూడా అడిగాను. అస్సలు ఉండదన్నాడు. పిల్లల్ని అడిగితే మనకి కావలసిన జవాబులే రావు.

శనివారం సంగతి అందుకే పెద్దవాళ్ళే తేల్చాలి. దాని గురించి నాకనిపించింది అక్కాబావలకి చెప్పాను. మనవాళ్ళు తెలుగునేల వదిలి ఇక్కడికొచ్చి కొన్ని వందల ఏళ్ళు. పుదుపాళయంలో, పళయపాళయంలో ఇప్పటికీ గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తమిళం రావడానికి ఎవరూ తెలుగు మానలేదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామిరాజా గారు ఈ ఊరివారే. ఆ రాష్ట్రంలో అప్పుడు తమిళ జిల్లాలూ ఉన్నాయి, ఆంధ్ర జిల్లాలూ ఉన్నాయి. కానీ మన భాష నిలిచింది దానంతటది కాదు. ఇంట్లో రోజూ వాడబట్టి నిలిచింది. నా కన్నడ చూడండి, పన్నెండేళ్ళు అందులోనే చదివాను, ఇప్పుడు వాడక తగ్గి మాటలు వెతుక్కుంటున్నాను. వాడని వైపు బలహీనపడుతుంది, అది బ్యాటైనా భాషైనా. ఎడమవైపు చేర్చడం కోసం శనివారం తెలుగు తీసేస్తే, వాడికి ఒక వైపు చేరదు. ఒకటి పోయి ఒకటి వస్తుంది.

బావ వెంటనే ఒప్పుకోలేదు. "తెలుగు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ఇది ఈ వయసులోనే కుదురుతుంది" అన్నాడు. అక్క, "నేనూ అదే అంటున్నా, తెలుగు గురించి" అంది. కాసేపు ఇల్లంతా నిశ్శబ్దం. మామిడిపండ్లు కోసి తెచ్చి అమ్మ ఆ ఘట్టం దాటించింది.

చివరికి వాళ్ళు ఇండియా నుంచి వెళ్ళేముందు నాలుగు మాటల మీద కుదిరారు. తెలుగు బడి కదలదు. ఎడమవైపుకి క్లాసు లేదు, డబ్బూ లేదు. ఇంటి వెనక బంతిని స్టాండు మీద పెట్టి కొట్టుకోవడమే, అదీ కుడివైపు సాధన అయ్యాక పది నిమిషాలు, వాడికి బుద్ధి పుట్టిన రోజు. మ్యాచ్‌లో వాడు తానుగా అడిగేదాకా కుడివైపే. నాలుగోది నేను పట్టుబట్టి చేర్పించాను. టెస్టింగ్‌లో పని మొదలుపెట్టే ముందే ఎప్పుడు ఆపాలో రాసుకుంటాం. రెండు నెలలు వాడు ఎడమవైపు బ్యాటు ముట్టుకోకపోతే అది అక్కడితో ముగిసినట్టే, ఎవరూ గుర్తుచేయకూడదు. ముఖ్యంగా బావ.

ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెప్తాను. పిల్లవాడు పుర్రచేతివాడైతే వదిలేయండి. కుడిచేతివాడైతే, వాడి సొంత వైపు గట్టిపడ్డాక, వాడికి సరదా ఉంటే, ఎనిమిది పన్నెండేళ్ళ మధ్య రెండో వైపు రుచి చూపించండి. ఆ సమయం వాడి దగ్గర దేన్ని తీసేసి వస్తోందో ముందు చూడండి. మేజర్ లీగ్ పేర్లు చివర్లో చూడండి. లక్షల్లో ఒకడికి జరిగింది మన ఇంట్లో లెక్కకి రాదు. మిగతా అందరికీ ఇది ఆట, ఆటలాగే ఉండాలి.

వెళ్ళి నెల దాటింది. వారానికి ఒకటి రెండుసార్లు ఎడమవైపు కొడుతున్నాడని అక్క చెప్పింది. తాతతో వీడియో కాల్‌లో కొత్తగా ఒక ప్రశ్న అడుగుతున్నాడట, చిన్నప్పుడు స్కేలుతో కొట్టినా ఎడమచెయ్యి ఎందుకు మానలేదని. నాన్న జవాబు తెలుగులోనే చెబుతారు, వాడు సగం అర్థం చేసుకుని మళ్ళీ అడుగుతాడు. వచ్చే వేసవికి నాన్న భుజం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి, నేను ఎడమచేత్తో బంతి వేయడం నేర్చుకుంటున్నాను. ఇంతవరకు ఎక్కువగా పక్కింటి గోడకే తగిలింది.

మీ ఇళ్ళలో కూడా చెయ్యి మార్పించిన పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఏ పనులు ఇప్పటికీ ఎడమచేత్తో చేస్తారో ఒకసారి గమనించి, వాళ్ళనే అడిగి, రాసి పంపండి. పాత ఫోటోల పక్కన అవీ ఉండాలి.